టార్చి ముందు అద్దం

మార్చి 5, మంగళవారం

అడిగింది! అమ్మాయి నన్ను ఒక పని అడిగింది! ఎవరికైనా చెప్పకపోతే ప్రాణం నిలవదు. చెప్పడానికి ఇంట్లో గోడలు తప్ప ఎవరూ లేరు. అందుకే అద్దాల షాపు వాళ్ళు నేను మానేసిన రోజున ఇచ్చిన ఈ డైరీ దుమ్ము దులిపి తీశాను. చదివింది ఎనిమిదో తరగతి. తప్పులుంటే నేనే కదా చదువుకునేది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. సాయంత్రం పని నుంచి వచ్చింది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు మా అమ్మాయి. చేతులకి గ్రీజు ఉంటుంది, కడుక్కున్నా పోదు. రోజూ అయితే "తిన్నావా నాన్నా" అని ఒక్క మాట అని తన గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. ఎనిమిది నెలలుగా అంతే. అత్తవారింటి నుంచి రెండు బ్యాగులతో వచ్చేసిన రోజున గుమ్మంలోనే నాకు షరతు పెట్టింది.

"ఉంటాను నాన్నా. కానీ నేను అడగంది ఏదీ చెయ్యకు. నా వస్తువులు ముట్టుకోకు, నా గది సర్దకు, నా తరఫున ఎవరితోనూ మాట్లాడకు. అక్కడ పన్నెండేళ్ళు అందరూ నా మంచి కోసమే అన్నీ చేశారు. ఇంక నా వల్ల కాదు."

సరే అన్నాను. అప్పటి నుంచి చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా బోటి వాడికి అదెంత కష్టమో నాకే తెలుసు. ఒక్కసారి మాత్రం షూ పాలిష్ చేశాను. అది వేరే సంగతి.

ఈ రోజు గదిలోకి పోలేదు. నా ముందు బల్ల మీద ఒక టార్చి పెట్టింది. బొటనవేలంత లావు, జానెడు పొడుగు, మూతి మాత్రం వెడల్పు. ముందున్న అద్దం సాలెగూడులా పగిలిపోయి ఉంది.

"నువ్వు అద్దాల పని చేసినవాడివి కదా నాన్నా. దీనికేమైనా చెయ్యగలవా?"

చెయ్యగలనా అని అడుగుతోంది! నలభై ఒక్క ఏళ్ళు జనం కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీసినవాడిని!

మార్చి 6, బుధవారం

సంతోషంలో నిన్న అసలు సంగతి రాయనేలేదు. మూడు నెలలుగా ఆదివారాలు పొద్దున్నే ఎక్కడికో వెళ్తోంది కదా. మూతబడిన నూలు మిల్లులో ఆట ఆడుతోందట. చూడ్డానికి తుపాకీలా ఉండే బొమ్మలతో బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుళ్ళు కొట్టుకుంటారట. తగిలితే తగిలిందని ఎవరికి వాళ్ళే చెయ్యెత్తి బయటికి వచ్చెయ్యాలి. ఎవరూ చూడకపోయినా సరే. ఆ ముక్క నాకు చాలా నచ్చింది.

మిల్లు లోపల పట్టపగలు కూడా కటిక చీకటి. అందుకని తుపాకీ గొట్టం కింద టార్చి బిగించుకుంటారు. వెలుగు కనపడిన చోటికే కదా అవతలివాళ్ళు గురిపెడతారు. గుండు సరిగ్గా వచ్చి టార్చి అద్దానికి తగులుతుంది. ఇది నాలుగో టార్చి.

ఈ రోజు టీ వడకట్టే జాలి కత్తిరించి టార్చి మూతికి బిగించాను. గుండు ఆగుతుంది, సందేహం లేదు. వెలిగించి చూస్తే గోడంతా గళ్ళు గళ్ళు.

"నాన్నా, ఇది టార్చి కాదు, జల్లెడ."

అని నవ్వింది. పళ్ళు కనపడేలా నవ్వింది. టీ ఇప్పుడు దేనితో వడకట్టుకోవాలో తెలియదు. పోతే పోయింది.

మార్చి 7, గురువారం

గాజు పెట్టాను. దళసరి గాజు. ఒక్క గుండుకే పగిలింది. గాజు గాజే. ఇంతకాలం దాన్ని నమ్ముకుని బతికిన నాకు మనసులో ఎక్కడో కలుక్కుమంది.

మార్చి 9, శనివారం

షాపుకి వెళ్ళాను. నా సీట్లో ఇప్పుడు ఒకావిడ కూర్చుంటోంది. కంప్యూటరు మిషను మీద చకచకా కోసేస్తుంది. నన్ను బాబాయ్‌గారూ అంటుంది. సంగతి చెప్పగానే లోపలికెళ్ళి ఐదారు గుండ్రటి బిళ్ళలు తెచ్చి చేతిలో పెట్టింది. చిన్నపిల్లల కళ్ళజోళ్ళకి వేసే పగలని అద్దాలు. పవరు లేనివి. గాజు కాదు, ఒక రకం గట్టి ప్లాస్టిక్కు.

"మిషను మీద కోసిమ్మంటారా బాబాయ్‌గారూ? రెండు నిమిషాల పని."

"నీ రెండు నిమిషాలు నువ్వే ఉంచుకోమ్మా. మా అమ్మాయి నన్ను అడిగింది."

నవ్వింది. నా కాలంలో ఇలాంటివి షాపులోకి రాలేదు. వచ్చేసరికి నేను మానేసే రోజులు. చేతిలో పట్టుకుంటే ఏమీ పట్టుకోనట్టే ఉంది.

ఇంటికొచ్చి పెరట్లో సానరాయి దించాను. అడ్డంగా ముప్ఫై రెండు మిల్లీమీటర్లు. అంచు ఏటవాలుగా తీశాను. టార్చిలో పగిలినదాని బదులు వేసిన కొత్త అద్దానికీ ఈ బిళ్ళకీ మధ్య నాణెం మందమంత ఖాళీ ఉండాలి. అప్పుడే దెబ్బ లోపలికి పోదు, టార్చి వేడి దీనికి తగలదు. ఆ ఖాళీ కోసం పాత సైకిలు ట్యూబు నుంచి రబ్బరు ఉంగరం కత్తిరించాను. గీతలు పడితే ముందు బిళ్ళ తీసేసి ఇంకొకటి వేసుకోవడమే. లోపలి అద్దం చెక్కుచెదరదు.

చేతులు కొంచెం వణుకుతున్నాయి. సానరాయి మీద పెట్టగానే వణుకు ఆగిపోయింది. చిత్రం!

మార్చి 10, ఆదివారం

ఈ రోజులాంటి రోజు ఇంకొకటి వస్తే చాలు. వద్దు, వంద రావాలి.

ఆట ప్రతి ఆదివారం ఉండదట. ఈ రోజు లేదు. బాత్‌రూములో బోర్లించిన బకెట్టు మీద టార్చి నిలబెట్టాం. అమ్మాయి వసారా చివర నిలబడింది, నేను తలుపు చాటున. ఆటలో గుళ్ళు కంటికి తగలకుండా పెట్టుకునే తన పాత గాగుల్స్ నా కళ్ళకి పెట్టి, పట్టీ వెనక నుంచి తనే బిగించింది. చిన్నప్పుడు నేను దాని జడ రిబ్బను ఇంతకంటే గట్టిగా కట్టేవాడిని, ఏడ్చేది.

"నాన్నా, తల లోపలికి పెట్టుకో. నీకు తగిలితే నేనేం చెయ్యను?"

"చెయ్యెత్తి బయటికొచ్చేస్తాను!"

నలభై గుళ్ళు కొట్టింది. పదహారు నేరుగా తగిలాయి, లెక్కపెట్టాను. మిగతావి బకెట్టుకీ, గోడకీ, ఒకటి నా సబ్బుపెట్టెకీ. టార్చి వెలుగుతూనే ఉంది. బిళ్ళ మీద సన్నటి చుక్కలు తప్ప ఏమీ లేవు. అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఆ బిళ్ళ మీద వేలుపెట్టి రాసి చూసింది. ఆ తర్వాత నా భుజం మీద తలపెట్టి నవ్వింది. రెండు క్షణాలే. కానీ పెట్టింది.

"టార్చి కూడా రెండు వేళ్ళు వెనక్కి జరిపి బిగించుకో. గొట్టం చాటున ఉంటుంది. సగం గుళ్ళు దాని దాకా రానే రావు" అన్నాను.

"అబ్బో, ఆట ఆడకుండానే కెప్టెన్ అయిపోయాడు మా నాన్న" అంది. మా వాళ్ళకి కూడా చేసిపెడతావా అని అడిగింది. వాళ్ళ జట్టులో నలుగురు. వాళ్ళకి పెద్ద కూడా లిఫ్టు మెకానిక్కే, మనిషి ఆరడుగుల పైన ఉంటాడని అందరూ దూలం అంటారట.

అంటే ఇంకో మూడు. అడిగింది కాబట్టే చేస్తున్నాను. దాని కొత్త బిళ్ళతో కలిపి నాలుగు.

మార్చి 13, బుధవారం

రెండు అయ్యాయి. భోజనం దగ్గర గంటసేపు కూర్చుంది!

మార్చి 16, శనివారం

నాలుగూ సిద్ధం. సాయంత్రం చివరి తుడుపు తుడిచాను. కళ్ళజోడు చేతికిచ్చే ముందు ఎసిటోన్‌లో ముంచిన గుడ్డతో ఒకసారి తుడవడం నా అలవాటు. గుర్తుపెట్టిన ఇంకు, వేలిముద్రలు, జిడ్డు, అన్నీ ఒక్క తుడుపుతో మాయం. నా చేతి మీదుగా అలా తుడవకుండా ఒక్క అద్దం కూడా బయటికి పోలేదు. సీసా ఇంకా సగం ఉంది.

అమ్మాయి స్నానానికి వెళ్ళింది. రేపటి కోసం దాని కొత్త గాగుల్స్ సోఫా మీద పెట్టుకుంది. వాటి నిండా గ్రీజు వేలిముద్రలు. ఇలాంటివి పెట్టుకుని చీకట్లో ఏం కనపడుతుంది పిల్లకి? అవీ అదే గుడ్డతో లోపలా బయటా అద్దంలా తుడిచి, ఎక్కడివక్కడ పెట్టేశాను. అడగలేదు, నిజమే. కానీ అద్దం తుడవడం పని చెయ్యడం కిందకి రాదు. పెట్టుకున్నాక తనకే తెలుస్తుంది, మురిసిపోతుంది.

మార్చి 17, ఆదివారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున్న అమ్మాయి నాలుగు బిళ్ళలూ తీసుకుని "వస్తా నాన్నా" అని వెళ్ళింది. నేను గొప్ప చెప్పుకుందామని షాపుకి వెళ్ళాను. ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది. బిళ్ళలు ఎలా అరగదీశానో, అంచు ఎలా తీశానో, చివరికి ఎసిటోన్‌తో ఎలా మెరిపించానో అంతా చెప్పాను. మిషను దగ్గరావిడ చేతిలో ఉన్న ఫ్రేము కింద పెట్టేసింది.

"ఎసిటోనా? బాబాయ్‌గారూ, ఈ రకానికి ఎసిటోన్ తగలకూడదు. పైకి ఏమీ కనపడదు. లోపల మాత్రం వెంట్రుకల్లా బీటలు వస్తాయి. దెబ్బ తగిలితే గాజు కంటే హీనంగా పగులుతుంది."

"టార్చివే కదా..." అన్నాను.

అంటుండగానే గాగుల్స్ గుర్తొచ్చాయి. గాగుల్స్ దేనితో చేస్తారని అడిగాను.

"దీనితోనే" అంది.

ఫోను చేశాను. ఆట మధ్యలో ఫోన్లు బ్యాగుల్లో ఉంటాయి. టాక్సీ ఎక్కాను. మిల్లుకి ఎలా చేరానో గుర్తులేదు. గేటు దగ్గర ఈల పట్టుకున్న మనిషి, "లోపల ఆట జరుగుతోంది పెద్దాయనా, కళ్ళకి రక్షణ లేకుండా పోకూడదు" అన్నాడు. చెప్పడానికి నాకు ఊపిరి అందలేదు. ఆయన చెయ్యి తప్పించుకుని చీకట్లోకి పోయాను. ఒక చేత్తో నా కళ్ళజోడు కప్పుకుని, ఇంకో చెయ్యి పైకెత్తి అరిచాను. దాని పేరు పెట్టి పిలవాలని తోచలేదు. మూడేళ్ళ పిల్లప్పుడు పిలిచిన పేరే వచ్చింది.

"బుడంకాయ్! ఒరేయ్ బుడంకాయ్! ఆగండర్రా!"

పొట్టకి రెండు, మోకాలికి ఒకటి తగిలాయి. ఈల మోగింది. నాలుగు వైపుల నుంచీ టార్చీలు నా మీదికి తిరిగాయి. ఒక టార్చి ముందు నా బిళ్ళ అప్పటికే పగిలి వేలాడుతోంది.

"నాన్నా? నువ్వేంటి ఇక్కడ?"

"గాగుల్స్ తియ్యకు! ఇక్కడ తియ్యకు. బయటికొచ్చాక తియ్యి. నిన్న నేను వాటిని తుడిచాను తల్లీ."

బయట వెలుతుర్లో అంతా చెప్పాను. దూలం గాగుల్స్ తీసుకుని మేకుకి తగిలించి, పది అడుగుల దూరం నుంచి కొట్టాడు. మొదటి గుండుకి ఏమీ కాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో గుండుకి ఈ చివర నుంచి ఆ చివరికి చీలి, గోరంత ముక్క లోపలికి ఊడిపడింది. సరిగ్గా ఎడమ కన్ను ఉండే చోట.

అమ్మాయి మేకు దగ్గరికి వెళ్ళి ఆ కన్నంలో వేలు పెట్టి చూసింది.

"నేను అడిగానా నాన్నా?"

"లేదు."

"టార్చి అడిగాను. ఇది అడిగానా?"

"లేదమ్మా."

బస్సులో తను ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక.

మార్చి 18, సోమవారం

ఎసిటోన్ సీసా పారబోశాను.

మార్చి 19, మంగళవారం

"తిన్నావా నాన్నా." తలుపు.

మార్చి 20, బుధవారం

"తిన్నావా నాన్నా." తలుపు.

కొత్త గాగుల్స్ కొనుక్కొచ్చుకుంది. పెట్టె కనపడింది. నేను అటు చూడలేదు.

మార్చి 22, శుక్రవారం

ఎసిటోన్ వద్దని ఆ తయారుచేసేవాళ్ళు పెద్ద అక్షరాలతో రాయొద్దా? రాయలేదు కాబట్టే కదా. పైగా ఆ గ్రీజు మరకలు తను తుడుచుకుని ఉంటే నేను ముట్టుకునేవాడినే కాదు. అయినా నేను చేసింది దాని మంచి కోసమే

ఆ మాట రాసి కలం ఆపేశాను. అదే మాట ఎక్కడ విన్నానో, ఎవరి నోట విన్నానో గుర్తొచ్చింది. కొట్టేయబోయి ఉంచేశాను. కళ్ళ ముందు ఉండాలి.

తప్పు నాది. ఎసిటోన్‌ది కాదు.

మార్చి 24, ఆదివారం

అమ్మాయి ఇంకో టార్చి బల్ల మీదే ఉంది. దాని అద్దం బీటవేసింది. ఇంకో బిళ్ళ చెయ్యడం నాకు గంట పని, ఇప్పుడు సబ్బునీళ్ళతోనే కడుగుతాను. సానరాయి దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చేశాను. అడగలేదు కదా.

ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను. పెద్ద పనే.

మార్చి 28, గురువారం

వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. వేరే ఇల్లు చూసుకున్నానని చెబుతుందేమో అనుకున్నాను. ఈ పది రోజులుగా రోజూ అదే భయం, ఇక్కడ కూడా రాసుకోలేదు.

"నాన్నా, ఆ రోజు ఎందుకు వచ్చావు?"

"ఇదేం ప్రశ్నే? నీ కన్ను..."

"అది కాదు. గేటు దగ్గర ఏదో ఒక వంక చెప్పి ఆట ఆపించొచ్చు కదా. కంపెనీ సరుకే నాసిరకం అనొచ్చు. నాకెప్పటికీ తెలిసేది కాదు."

నాకు అది తోచనే లేదు. ఆ మాటే చెప్పాను. అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పొట్టకి ఇంకా నొప్పి ఉందా?"

"మోకాలికే కొంచెం."

"బుడంకాయ్ అన్నావు. అందరి ముందూ. అక్కడ నా పేరు కోబ్రా. తెలుసా నీకు?"

"ఇప్పుడో?"

"ఇప్పుడు కోబ్రా లేదు, ఏమీ లేదు. కంపెనీలో కూడా బుడంకాయే."

మూతి బిగించుకుంది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు, వాళ్ళమ్మ కూడా అలాగే బిగించుకునేది. తర్వాత వేలెత్తి చూపిస్తూ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"ఇప్పుడు అడుగుతున్నాను. విను, అడుగుతున్నాను. ఒకటి, టార్చి బిళ్ళలు నాలుగు మళ్ళీ కావాలి. రెండు, ఆ రోజు నుంచి మా వాళ్ళందరికీ భయం పట్టుకుంది. ఎవరి గాగుల్స్ దేనితో తుడిచారో ఎవరికి తెలుసు? ఆట మొదలయ్యే ముందు అందరివీ చూసి పంపించే మనిషి కావాలి. నువ్వు వద్దంటే ఆ జోడు లోపలికి పోకూడదు. వస్తావా?"

"ఎవరు అడగమన్నారు? దూలమా?"

"నేను."

ఏప్రిల్ 2, మంగళవారం

మిషను దగ్గరావిడకి చెప్పాను. వెనక గదిలో మూలపడ్డ డబ్బా ఒకటి ఇచ్చింది. లోపల దీపం, దాని ముందు రెండు నల్లటి పలకలు. వాటి మధ్య అద్దం పెట్టి చూస్తే, ఎక్కడ లోపలి ఒత్తిడితో బిగుసుకుని ఉందో అక్కడ ఇంద్రధనుస్సులా రంగులు కనపడతాయి. అలా బిగుసుకున్న చోటే దెబ్బకి ముందు పగులుతుంది. ఆ డబ్బా పాత రోజుల్లో నేను వాడిందే.

నాలుగు బిళ్ళలూ అయ్యాయి. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ. అంతే.

ఏప్రిల్ 7, ఆదివారం

మిల్లు గేటు దగ్గర నాకు బల్ల వేశారు! కుర్చీ వేశారు! రెండు జట్లూ వరసలో నిలబడ్డాయి, బడిపిల్లల్లా. ఒక్కొక్కరి గాగుల్స్ డబ్బాలో పెట్టి, తర్వాత ఎండకి ఏటవాలుగా పట్టుకుని చూశాను. అవతలి జట్టు ఆయనది ఒకటి అంచు దగ్గర బీట. వద్దన్నాను. గొణుక్కుంటూ కారులోంచి వేరేది తెచ్చుకున్నాడు.

"పెద్దాయనా, నాది పాస్ చెయ్యండి, మీ పొట్ట మీద కొట్టింది నేను కాదు" అన్నాడు దూలం.

"ఎవరు కొట్టారో చెబితే చేస్తాను."

అందరూ మా అమ్మాయి వైపు చూశారు. "చీకట్లో ఎవరనుకున్నాను? చెయ్యెత్తి వస్తుంటే కూడా కొట్టాను, సారీ నాన్నా" అంది. కడుపుబ్బ నవ్వాం.

చివర్లో తనది. డబ్బాలో పెట్టాను. ఎడమ మూల, ఫ్రేము పట్టుకున్న చోట, సన్నగా రంగు. తిప్పి పెట్టాను. ఉంది. ఇంకోసారి చూశాను. చిన్నదే, కానీ ఉంది. ఇక్కడ నాకు నేను అబద్ధం రాసుకోను.

"ఇది వద్దు" అన్నాను.

"కొత్తవి నాన్నా."

"కొత్తవే. ఇక్కడ బిగుసుకుంది. నేను పంపను."

వాదిస్తుందనుకున్నాను. నలభైకి దగ్గరపడ్డ మనిషి, అందరి ముందూ తండ్రి వద్దంటే ఎవరికైనా మండుతుంది. తను నా మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి పైకెత్తింది. "అవుట్" అంది. ఆట మొదలు కాకుండానే!

వాళ్ళ జట్టులో మిగతా ముగ్గురే లోపలికి పోయారు. మేమిద్దరం గేటు బయట బల్ల మీద కాళ్ళు ఆడిస్తూ కూర్చున్నాం. లోపల గుళ్ళు టపటపా గోడలకి తగులుతున్నాయి. నా బిళ్ళల వెనక టార్చీలు వెలుగుతూ, పగిలిన కిటికీల్లోంచి కనపడుతూ పోతున్నాయి.

కాసేపటికి తను మొదలుపెట్టింది. ఆ ఇంటి సంగతి. పన్నెండేళ్ళ సంగతి. నేను మధ్యలో ఒక్క మాట కూడా అడగలేదు. అదంతా ఇక్కడ రాయను. తను నాకు చెప్పింది, డైరీకి కాదు.

గంట పైన అయింది. "గొంతెండిపోయింది" అని నీళ్ళ కోసం బ్యాగు జిప్పు తీసింది. సీసా కింద ఇంకో గాగుల్స్ జోడు ఉంది. కవరు కూడా విప్పలేదు. కొన్న రోజున రెండు కొన్నట్టుంది.

నేను చూశాను. నేను చూశానని తనూ చూసింది. నెమ్మదిగా జిప్పు వేసేసి, ముందు నాకు సీసా ఇచ్చింది.

నేను తాగాను. ఏమీ అడగలేదు.